పెట్టె గట్టిదే... పొత్తిళ్ల సంగతేంటి?

మాఘమాసం వచ్చిందంటే నెల్లూరు జిల్లా పడమటి రోడ్ల మీద ఓ దృశ్యం తరచూ కనిపిస్తుంది. బైకు మీద ఇద్దరు. ముందున్నాయన ఫొటోగ్రాఫరు, వెనకున్న కుర్రాడు అసిస్టెంటు. ఇద్దరి మధ్యా పసిబిడ్డను కూర్చోబెట్టినట్టు ఓ నల్లటి పెట్టె. తెల్లవారుజామున ఆత్మకూరులో ముహూర్తం. సాయంత్రం సోమశిల జలాశయం ఒడ్డున కొత్త జంటకు ఫొటోలు. మర్నాడు ఉదయగిరి కొండ కింద మరో పెళ్లి. ఆ పెట్టెలో కెమెరాలుంటాయి, లెన్సులుంటాయి, ఈమధ్య డ్రోనూ ఉంటోంది. చాలామంది విషయంలో వాటి మీద తీరని వాయిదాలూ ఉంటాయి.

అలాంటి పెట్టె కొనడానికి వెళ్లినవాళ్లు మొదట చేసే పని... దాని మీదెక్కి నిలబడటం! నిజమే, మంచి ప్లాస్టిక్ పెట్టెలు మనిషి బరువును మోస్తాయి. మూత చుట్టూ రబ్బరు అంచు ఉంటుంది కాబట్టి వాన నీళ్లూ దిగవు. అంతటితో నిశ్చింతగా ఇంటికి వచ్చేస్తాం. లోపల వేయడానికి పాత తువ్వాలో, పరుపుల కొట్టులో అడిగి తెచ్చుకున్న స్పాంజి ముక్కో చూసుకుంటాం. చిక్కంతా అక్కడే ఉంది. ఇనప డబ్బాలో కోడిగుడ్డు వేసి కింద పడేయండి. డబ్బాకు సొట్ట కూడా పడకపోవచ్చు. గుడ్డు గతేమిటో చెప్పక్కర్లేదుగా!

పెళ్లికూతురు తలమీద జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. ఆ క్షణంలో లెన్సు లోపల ఏదో గలగలమంటే ఫొటోగ్రాఫరు చేయగలిగిందేమీ లేదు. కాబట్టి ఈవారం పెట్టె గురించి కాదు, పెట్టెలోని పొత్తిళ్ల గురించి.

80 రెట్ల దెబ్బ

బైకు సీటు నేలకు సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి పెట్టె జారిపడిందనుకుందాం. లోపలి వస్తువుకు తగిలే దెబ్బ అది ఎంత ఎత్తునుంచి పడిందన్నదాని మీదే కాదు, ఎంత దూరంలో ఆగిందన్నదాని మీదా ఆధారపడి ఉంటుంది. 80 సెంటీమీటర్లు పడి ఒక్క సెంటీమీటరులో ఆగిపోతే దానిమీద పడే బలం సగటున దాని బరువుకు దాదాపు 80 రెట్లు. అంటే రెండు కిలోల కెమెరా మీద 160 కిలోల మోత! అదే రెండున్నర సెంటీమీటర్లు మెల్లగా కుంగి ఆగితే 32 రెట్లు. మోత 64 కిలోలకు దిగింది. వేగంగా వచ్చే బంతిని పట్టేటప్పుడు ఫీల్డరు చేతులు వెనక్కి లాక్కునేది ఇందుకే.

స్పాంజి చేసే పనీ అదే. ఆగడానికి కాస్త చోటివ్వడం. అయితే అయిదు సెంటీమీటర్ల స్పాంజి వేశాం కాబట్టి అయిదూ పనికొస్తాయనుకోకూడదు. పూర్తిగా అణిగిపోయిన స్పాంజి చెక్కతో సమానం. ఉజ్జాయింపుగా సగం మందమే లెక్కలోకి తీసుకోవాలి. పైన చెప్పిన రెండున్నర సెంటీమీటర్లు కావాలంటే అడుగున అయిదు సెంటీమీటర్లు ఉండాలన్నమాట. పెట్టె కొనేముందు ఈ లెక్క వేసుకునేవాళ్లు అరుదు. వస్తువులు సరిగ్గా పట్టే పెట్టె కొంటారు. తీరా పొత్తిళ్లకు చోటుండదు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మరీ మెత్తగా ఉంటే బరువైన వస్తువు ఒక్క కుదుపుకే అడుగుదాకా దిగిపోతుంది. మరీ గట్టిగా ఉంటే తేలికైన వస్తువుకు అది కుంగనే కుంగదు, దెబ్బను దెబ్బలాగే అందిస్తుంది. బ్యాటరీ చిన్నదే కానీ బరువు. డ్రోను పెద్దదే కానీ తేలిక. ఈ రెంటికీ కింద ఒకే స్పాంజి వేస్తే ఏదో ఒకదానికి అన్యాయం తప్పదు. వస్తువు ఎంత బరువుందన్నది కాదు, ఆ బరువు ఎంత మేర పరచుకుందన్నది చూడాలి. పరీక్షకు పెద్ద యంత్రమేం అక్కర్లేదు. ముక్క మీద వస్తువును పెట్టి చూడండి. అంచుల దగ్గర కొద్దిగా కుంగినట్టు కనిపిస్తే చాలు. మూడోవంతు మునిగిపోతే మెత్తన ఎక్కువైనట్టు. అసలు ముద్రే పడకపోతే గట్టిదైనట్టు.

కంసాలి ఎప్పుడో చేశాడు

వస్తువు ఆకారానికి గుంట తొలిచి అందులో దాన్ని పడుకోబెట్టే విద్య అమెరికా పెట్టెలతో వచ్చిందేం కాదు. పాతకాలపు కంసాలి తక్కెడ పెట్టె ఎక్కడైనా దొరికితే తెరిచి చూడండి. చెక్కదిమ్మెను తొలిచి, తక్కెడ పళ్లేలకు గుండ్రటి గుంటలు, దండెకు పొడవాటి గాడి, తూనిక రాళ్లకు ఒక్కోదానికీ ఓ చిన్న గుంట. మూత వేశాక ఏదీ కదలదు. సన్నటి దండె వంగదు. అంతకంటే గొప్ప సంగతి... ఓ రాయి తగ్గితే ఖాళీ గుంట వెంటనే కంటపడుతుంది!

ఇవాళ విమానాల మరమ్మతు షెడ్లలో ఇదే పద్ధతి. పనిముట్ల సొరుగుల్లో పైన ఓ రంగు, కింద మరో రంగు ఫోమ్ వేసి, ప్రతి స్పానరు ఆకారానికీ గుంట కోస్తారు. పని అయ్యాక ఏదైనా గుంటలో కింది రంగు మెరుస్తోందంటే ఆ పనిముట్టు ఇంజిన్లో ఉండిపోయి ఉండొచ్చు. అది దొరికేదాకా విమానం కదలదు. పెళ్లి మండపంలో అర్ధరాత్రి కరెంటు పోయి, సామాను సర్దుకుని బయల్దేరే ఫొటోగ్రాఫరుకు ఇంతకంటే మంచి చెక్‌లిస్టు ఏముంటుంది చెప్పండి! మూత తెరవగానే ఖాళీ గుంట పలకరిస్తుంది.

మెత్తటి సరుకు విషయానికొస్తే మనకు తరతరాలుగా ఉన్నది వరిగడ్డి, ఊక, పత్తి, పాతబట్ట. మామిడిపళ్లు గడ్డిలో, కోడిగుడ్లు ఊకలో, వీణ బొంతలో. 1514లో ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెల్చుకున్న శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, అక్కడ కృష్ణాలయం కట్టించాడు. ఆ కాలంలో దేవుడికైనా దినుసుకైనా దారిలో దొరికే పరుపు అలాంటిదే.

కొలతల పరికరాలకు ఆ పరుపు చాలదని తెలిసొచ్చిన కథ ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేకు డ్రోన్లు, రోవర్లు వాడారు. ఇలాంటి రోవరు లోపల గుంటలు కోసిన గట్టి పెట్టెలో, చంటిబిడ్డలా వస్తుంది. రెండు వందల ఏళ్ల కిందట విలియం లాంబ్టన్ దక్షిణాదిని కొలవడానికి వాడిన థియోడలైటు బరువు అర టన్ను. లండన్ నుంచి వస్తుంటే దారిలో ఫ్రెంచివాళ్లు ఓడను పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయారు. అక్కడి గవర్నరు పెద్దమనసుతో మద్రాసుకు పంపించాడు. అన్ని గండాలూ దాటిన ఆ పరికరం 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి గోడకు కొట్టుకుంది. దాని ప్రాణమంతా ఉన్న గుండ్రటి చక్రం వంగిపోయింది. లాంబ్టన్ ఏంచేశాడంటారా? పెద్ద చెక్కపలక మీద అసలు చక్రం ఎంత ఉండాలో సరిగ్గా అంత వృత్తం కోయించాడు. వంగిన చక్రాన్ని మేకులు, మరలు, కప్పీలతో కొద్దికొద్దిగా లాగుతూ ఆ వృత్తానికి సరిపోయేదాకా తెచ్చాడు. ఆరు వారాలు పట్టింది. కోత సరిగ్గా ఉంటే వస్తువును కాపాడటమే కాదు, వంగినదాన్ని నిలబెట్టగలదు కూడా!

ఏ ఫోమ్... ఎందుకు?

కొట్టుకు వెళ్లి 'ఫోమ్ ఇవ్వండి' అంటే నాలుగు రకాల్లో ఏదైనా చేతిలో పడొచ్చు. పేర్లు కొంచెం పరాయిగా ఉన్నా సరుకు మనకు తెలిసిందే.

మొదటిది పరుపుల్లో, సోఫాల్లో ఉండే స్పాంజి. పాలీయురెథేన్ అంటారు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన రసాయనం దీనికి మూలం. మెత్తగా ఉంటుంది, చవక, ఎక్కడైనా దొరుకుతుంది. దీని లోపలి గదులు ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి కాబట్టి నీటినీ, గాల్లోని చెమ్మనూ పీల్చుకుంటుంది. సముద్రం దగ్గరున్న జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. తడిసిన స్పాంజిలో మూతపెట్టిన లెన్సుకు బూజు పట్టడం ఖాయం. పైగా ఏళ్లు గడిచేకొద్దీ ఇది గోధుమరంగుకు తిరిగి, జిగటగానో పొడిగానో రాలిపోతుంది. పాత కెమెరా పెట్టెలు తెరిచినవాళ్లకు ఆ పొడి బాగా తెలుసు.

కొట్టులో జరిగే సంభాషణ ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి.

"అన్నా, గట్టి స్పాంజి కావాల."

"నలభై డెన్సిటీ ఉంది, ఇమ్మంటావా అబ్బయా?"

డెన్సిటీ అంటే ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. నలభై అంటే నలభై కిలోలు. అది ఎక్కువకాలం మన్నుతుందని చెప్పొచ్చు. కానీ గట్టిదని చెప్పలేం! ఒకే డెన్సిటీలో మెత్తనిదీ చేస్తారు, బిరుసైనదీ చేస్తారు. అంకె విని డబ్బులివ్వకుండా, జేబులోని వస్తువు తీసి పైన పెట్టి చూసుకోవడమే మేలు.

రెండోది టీవీలు, ఫ్రిజ్‌ల చుట్టూ వచ్చే తెల్లటి మెత్తటి పలక. వ్యాపారులు ఈపీఈ అంటారు. ఇందులో ప్రతి గదీ మూసి ఉంటుంది. నీళ్లు పీల్చదు. స్పాంజికంటే బిరుసు, బరువులు మోస్తుంది. నా ఓటు దీనికే. కెమెరా, లెన్సుల పెట్టెకు అడుగునా చుట్టూ ఇది, మూతకు మాత్రం మెత్తటి స్పాంజి... ఇంతకంటే గొప్ప ఏర్పాటు మామూలు అవసరాలకు అక్కర్లేదు. ఇదే జాతిలో క్రాస్‌లింక్డ్ అని ఇంకాస్త నున్నటి, ఖరీదైన రకం ఉంది. కోత అంచులు అద్దంలా వస్తాయి. పెద్ద కంపెనీల పెట్టెల్లో అదే వేస్తారు.

మూడోది ఈవీఏ. చెప్పుల అడుగులు దీనివే. పిల్లలు ఆడుకునే అక్షరాల చాపలు కూడా ఇవే. 'అ'ను దాని గుంటలో, 'ఆ'ను దాని గుంటలో అమర్చే ఆ చాప మనం చెప్పుకుంటున్న విద్యకు బాలశిక్ష లాంటిది. ఇది బాగా గట్టిది. అరగదు, చిరగదు. పనిముట్లకు భేష్. సున్నితమైన వాటి కింద ఇదొక్కటే వేస్తే మాత్రం దెబ్బ నేరుగా తగులుతుంది. ఈపీఈ మీద పైపొరగా పల్చటి ఈవీఏ అంటించుకుంటే చూడ్డానికీ బాగుంటుంది, మన్నికా పెరుగుతుంది.

ఇక థర్మాకోల్. ఒక్క దెబ్బకు బాగానే ఆదుకుంటుంది. అయితే అణిగిన చోట మళ్లీ లేవదు. రెండో దెబ్బకు అక్కడ ఏమీ లేనట్టే. పైగా పూసలు రాలి లెన్సుకు అంటుకుంటాయి. దుకాణం నుంచి ఇంటిదాకా తెచ్చుకోవడానికి సరే, రోజూ తిరిగే పెట్టెకు వద్దు.

కంప్యూటరు బోర్డులు, సెన్సర్ల లాంటివి విడిగా పెట్టేవాళ్లు మామూలు ఫోమ్ రాపిడికి పుట్టే స్థిరవిద్యుత్తును గుర్తుంచుకోవాలి. వాటికి గులాబీ రంగులోనో నలుపులోనో వచ్చే యాంటీస్టాటిక్ రకం వేరే ఉంది.

అన్నింటికీ ఫోమే మందు అనుకోనక్కర్లేదు. 1969లో చంద్రుడి నుంచి రాళ్లు తెచ్చిన అల్యూమినియం పెట్టెల్లో అల్యూమినియం తీగతో అల్లిన వలను పరిచారు. ఫోమ్ వేస్తే అందులోని రసాయనాలు రాళ్లకు అంటి పరీక్షలన్నీ పాడయ్యేవి. 2023 మే నెలలో చంద్రయాన్-3 బెంగళూరు నుంచి శ్రీహరికోటకు వచ్చినప్పుడూ స్పాంజి గుంటలో పడుకుని రాలేదు. అలాంటి వాటిని కుదుపులు తట్టుకునే ప్రత్యేక కంటెయినర్లో బిగించి తెస్తారు. అప్పటికి శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయింది కానీ, నెల్లూరువాళ్లు ఇంకా తమదిగానే చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి.

బలమైన చోట పట్టు... బలహీనమైన చోట వదులు

కోత మొదలుపెట్టేముందు చాలామంది చేసే పని వస్తువు చుట్టూ పెన్సిల్‌తో గీత గీయడం. చేతికి అందిన ఆకారమంతా అచ్చుగుద్దినట్టు కోసేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కాపాడటానికి మాత్రం అది సగం పనే.

ఉదయగిరి చెక్క చెంచాలు చూసినవాళ్లకు ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. దుర్గం కొండ అడవుల్లో దొరికే కర్రతో ఇక్కడివాళ్లు చేసే చెంచాలు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఫోర్కుల పళ్లు చూడండి... పిల్లల దువ్వెనంత సన్నం. ఫోర్కును బిగుతుగా ఓ గుంటలో దిగేస్తే పెట్టెకు తగిలే ప్రతి కుదుపూ ఆ పళ్ల మీదికే వస్తుంది. అదే కాడనూ మెడనూ మాత్రం గట్టిగా పట్టుకునేలా గాడి కోసి, పళ్ల చుట్టూ వేలెడంత ఖాళీ వదిలితే? పెట్టె ఎగిరిపడినా పళ్లు గాల్లోనే ఉంటాయి. ఎగ్జిబిషన్లకు నమూనాలు మోసుకెళ్లేవాళ్లకీ, అమెరికాలోని అల్లుడికి డజను పంపుదామనుకునేవాళ్లకీ ఇదే సూత్రం.

కెమెరాకైనా అంతే. బరువైన లెన్సు బిగించి ఉన్న కెమెరాను పడుకోబెడితే రెండూ కలిసే మెడ దగ్గర భారం పడుతుంది. విడదీసి వేర్వేరు గుంటల్లో పెట్టడం ఉత్తమం. ముహూర్తం హడావుడిలో బిగించే తీసుకెళ్లాలంటే లెన్సు కింద కూడా ఆనిక ఉండాలి. మీటలు, తిప్పే చక్రాలు, వెనక తెర... వీటి చుట్టూ మాత్రం ఖాళీ వదలాలి. డ్రోనుకు ముందు వేలాడే కెమెరా గుత్తి ఉంటుంది చూడండి, గింబల్ అంటారు, అది ఫోర్కు పళ్లకంటే సున్నితం. కంపెనీ ఇచ్చిన తొడుగు తగిలించి, డ్రోను ఒంటిని పట్టుకునేలా గుంట కోసి, గింబల్ ముందు ఏమీ తగలకుండా చూడాలి. రెక్కల మీద బరువు మోపకూడదు.

అసలు వస్తువుల్ని ఎక్కడెక్కడ పెట్టాలన్నది మరో సంగతి. పెట్టెను నేల మీద పరిచి సర్దుతాం. కానీ అది ప్రయాణం చేసేది పిడి పట్టుకుని, నిలువుగా! అప్పుడు కిందికి వచ్చేది మడతబందుల వైపు. బరువైనవన్నీ ఆ వైపు ఉంటే పెట్టె చేతిలో కుదురుగా ఉంటుంది. పిడివైపు పెడితే తలబరువై ఊగుతుంది, బరువైనవి తేలికవాటి మీద కూర్చుంటాయి. గుంటకూ గుంటకూ మధ్య కనీసం రెండున్నర సెంటీమీటర్ల గోడ వదలండి. పెట్టె అంచు దగ్గర ఇంకాస్త ఎక్కువే. చోటు కలిసొస్తుందని ఆ గోడను సన్నం చేసినవాళ్ల పెట్టెల్లో ఆరునెలలకల్లా రెండు గుంటలూ ఒకటైపోతాయి.

కొన్ని పెట్టెలతోపాటు చిన్న చిన్న చదరాలుగా ముందే గాట్లు పెట్టిన స్పాంజి వస్తుంది. కావాల్సిన చదరాలు పీకేస్తే గుంట తయారు. మొదటిరోజు హాయిగానే ఉంటుంది. కానీ ఆ గాట్లన్నీ మిగిలిన గోడల్లోనూ ఉంటాయి కదా, వస్తువును తీసి పెట్టే ప్రతిసారీ ఓ చదరం ఊగుతుంది. అది వాడేవాళ్లు గోడల వరసలను జిగురుతో అతికించుకుంటే కొంతకాలం లాగొచ్చు. రోజూ తిరిగే పెట్టెకు మాత్రం కోసిన ఫోమే కావాలి.

కత్తి పట్టేముందు

ముందుగా నిన్నటి పేపరు తీసుకోండి. (ఇవాళ్టిది చదివాకే!) పెట్టె లోపలి కొలతకు దాన్ని కత్తిరించి, దానిమీద వస్తువులన్నీ పేర్చి చూసుకోవాలి. ఒక రాత్రి అలా వదిలేస్తే మర్చిపోయిన ఛార్జరో, మెమరీ కార్డుల డబ్బానో తప్పక గుర్తొస్తుంది. అన్నీ కుదిరాక ఒక్కో వస్తువుకూ అట్టముక్క మీద గీత గీసి, కత్తిరించి, అట్టను ఫోమ్ మీద పెట్టి గుండుసూదులతో గుచ్చాలి. నల్ల ఫోమ్ మీద టైలర్ చాక్ బాగా కనిపిస్తుంది.

ఫొటో తీసి దాన్నే నమూనాగా వాడేవాళ్లకో హెచ్చరిక. దగ్గరనుంచి తీస్తే వస్తువు పైభాగం అసలుకంటే పెద్దగా పడుతుంది. పక్కనే ఏ4 కాగితం పెట్టి, వీలైనంత ఎత్తు నుంచి జూమ్ చేసి తీయాలి. ఆ కాగితం 297 మిల్లీమీటర్ల పొడవు, 210 వెడల్పు ఉంటుంది కాబట్టి కొలత సరిచూసుకోవచ్చు. నగరాల్లో కంప్యూటరు యంత్రాల మీద ఫోమ్ కోసిచ్చే వర్క్‌షాపులకు పంపేటప్పుడు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. యంత్రం మీరిచ్చిన తప్పును కూడా చక్కగా కోసిపెడుతుంది.

మెత్తటి స్పాంజిలో గుంటను గీతకంటే రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికే కోయాలి. అప్పుడే అది వస్తువును పట్టుకుంటుంది. ఈపీఈకి ఒక మిల్లీమీటరు చాలు. ఈవీఏకి సరిగ్గా గీత మీదే. గట్టి ఫోమ్‌లో బిగుతుగా కోస్తే వస్తువును బయటికి లాగడానికి రోజూ కుస్తీయే.

సగం లోతుదాకా కోసి అడుగు చదును చేద్దామని చూడకండి. ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా అడుగు గుంతలు గుంతలుగా వస్తుంది. దానికి బదులు పలకలను పొరలుగా తీసుకోండి. పై పొరలను ఆరపార కోసేయండి. కింది పొరను కోయకుండా వదిలేసి దానిమీద వీటిని అతికించండి. అడుగు అద్దంలా ఉంటుంది. కింది పొరకు వేరే రంగు తీసుకుంటే విమానాల షెడ్డు పద్ధతి కూడా ఉచితంగా వచ్చినట్టే. అతికించడానికి సోఫాలు చేసేవాళ్లు వాడే రబ్బరు జిగురు పనికొస్తుంది. రెండువైపులా పల్చగా రాసి, తడి ఆరి చేతికి అంటనప్పుడు కలపాలి. వాసన పూర్తిగా పోయేదాకా, ఒకట్రెండు రోజులు మూత తెరిచే ఉంచండి. ఆ జిగురు థర్మాకోల్‌కు రాస్తే మాత్రం అది మంచులా కరిగిపోతుంది.

కత్తి విషయంలో పిసినారితనం వద్దు. గాట్లు పెట్టి విరుచుకునే పొడవాటి బ్లేడు కట్టరు చాలు, కానీ బ్లేడు కొత్తదై ఉండాలి. ఫోమ్ బ్లేడును త్వరగా మొద్దు చేస్తుంది. ఒక్క పోటుతో తెగ్గొట్టాలని నొక్కితే ఫోమ్ కుంగి, పైన ఓ ఆకారం కింద మరో ఆకారం వస్తుంది. బ్లేడును నిటారుగా పట్టి, నొక్కకుండా, మూడు నాలుగు సార్లు లాగుతూ కోయాలి. రెండోచేతిని కోతకు ఎదురుగా పెట్టకూడదని వేరే చెప్పాలా! గుండ్రటి గుంటలకు సన్నటి స్టీలు గొట్టం అంచును ఆకురాయితో పదును పెట్టి తిప్పితే చాలు. ప్రతి గుంట పక్కనా రెండు వేళ్లు దూరేంత చిన్న అర్ధచంద్రం కోయడం మర్చిపోవద్దు. అది లేకపోతే లెన్సును తలపట్టుకునే లాగాల్సి వస్తుంది.

ఇంకొక్క మాట గట్టిగానే చెప్పాలి. పెళ్లి మండపాలకు థర్మాకోల్ అక్షరాలు కోసేవాళ్ల దగ్గర ఎర్రగా కాలే తీగ యంత్రం ఉంటుంది. దానితో అయితే వెన్నలా తెగుతుంది కదా అని పరుపుల స్పాంజిని అక్కడికి తీసుకెళ్లకండి. పాలీయురెథేన్ కాలితే వచ్చే పొగలో సైనైడు జాతి విషవాయువులు ఉంటాయి. మూసిన గదిలో అది ప్రాణాంతకం. ఈపీఈకి వేడి తీగ వాడొచ్చు, అదీ గాలి ధారాళంగా వచ్చే ఆరుబయట. స్పాంజికి మాత్రం కత్తే.

బ్యాటరీలకు ఒక్కోదానికీ విడి గుంట ఉండాలి. లోహపు కొసలు ఒకదానికొకటి తగిలితే మంటే. వాటిమీద టేపు వేయడమో, తొడుగు తగిలించడమో చేయాలి. ఫోమ్ వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి డ్రోను దిగగానే వేడివేడి బ్యాటరీని గుంటలో పెట్టకూడదు. పెట్టెలోనే ఛార్జింగు పెట్టడం అంతకంటే ప్రమాదం. విమానం ఎక్కేవాళ్లు విడి లిథియం బ్యాటరీలను చెకిన్ సామానులో వేయకూడదు, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. అందుకని వాటి గుంటలున్న ముక్క మొత్తంగా పైకి ఊడివచ్చేలా కోసుకుంటే సులువు.

మూత సంగతితో పని పూర్తవుతుంది. మూతలోని స్పాంజి వస్తువులను మెల్లగా తాకి పట్టి ఉంచాలి. గొళ్లెం పెట్టడానికి మోకాలితో నొక్కాల్సి వస్తోందంటే లోపల ఏదో నలుగుతున్నట్టే. గొళ్లెం పెట్టాక పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ ఊపండి. చప్పుడు వినపడితే ఆ గుంట మళ్లీ చూసుకోవాలి. వదులైన గుంటకు పక్కన పల్చటి ఈవీఏ పట్టీ అతికిస్తే సరిపోతుంది.

వానాకాలం వెళ్లాక ఓసారి ఫోమ్ మొత్తం బయటికి తీసి నీడన ఆరబెట్టండి. ఎండలో వద్దు, స్పాంజి త్వరగా పండిపోతుంది. బొటనవేలితో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడాలి. అలాగే ఉండిపోయినా, వేలికి గోధుమరంగు పొడి అంటినా ఆ పొర మార్చేయాల్సిందే. లెన్సుల పక్కన సిలికాజెల్ సంచి ఒకటి పడేయండి. దానికీ ఓ చిన్న గుంట కోసిపెడితే ఇంకా మంచిది. నీలంరంగు పూసలు గులాబీకి మారాయంటే తేమ తాగేశాయని. రంగు మారే రకాన్ని కంపెనీ సంచీ మీద చెప్పినంత వేడిలో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. వంటగదిలో వద్దు, పిల్లలకు అందనివ్వద్దు.